రెండు శాతం ఎక్కడ పెట్టాలి? తొలిసారి సీఎస్ఆర్ పరిధిలోకి వచ్చిన కంపెనీకి కొన్ని పోలికలు

"ఈ ఏడాది నుంచి మీకు సీఎస్ఆర్ వర్తిస్తుందండీ" అని, అంటే లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టే కార్పొరేట్ సామాజిక బాధ్యత మీ మీద పడిందని ఆడిటర్ చెప్పగానే మధ్యతరహా కంపెనీ యజమాని అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "మా ఊరి గుడికి ఇస్తే సరిపోతుందా?" రెండో ప్రశ్న: "మా కార్మికుల పిల్లల ఫీజులు కట్టవచ్చా?" రెండింటికీ జవాబు కుదరదనే. గుడి చారిత్రక కట్టడమై, దాని పునరుద్ధరణకు ఇస్తే అది వేరే సంగతి. కల్యాణోత్సవానికో ధ్వజస్తంభానికో ఇచ్చింది పుణ్యం ఖాతాలోకి వెళుతుంది కానీ ఈ ఖాతాలోకి రాదు. కేవలం సొంత ఉద్యోగుల మేలు కోసం చేసిన ఖర్చూ అంతే.

సామాజిక బాధ్యత చట్టంగా మారినప్పటి నుంచి ఇలాంటి కంపెనీల లెక్కల పక్కన కూర్చుంటున్నాను. డబ్బు తినేసిన వాళ్లను కొందరినే చూశాను. మంచి మనసుతోనే తప్పు చోట పెట్టిన వాళ్లను చాలామందిని చూశాను. ఇది ఆ రెండో రకం వారి కోసం.

ముందు లెక్క. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. గడిచిన ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేరినా కంపెనీ దీని పరిధిలోకి వస్తుంది. మనవాళ్లలో ఎక్కువమంది మూడో గుమ్మం నుంచే లోపలికి వస్తారు. ఇక్కడ లాభమంటే పన్ను కట్టిన తర్వాత మిగిలింది కాదు, పన్నుకు ముందు లాభం. చాలామంది ఇక్కడే పొరబడతారు. గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం ఖర్చు పెట్టాలి. మూడేళ్లలో 9, 11, 16 కోట్లు వచ్చాయనుకుందాం. సగటు 12 కోట్లు. అందులో 2 శాతం 24 లక్షలు. బాధ్యత 50 లక్షలు దాటకపోతే ప్రత్యేక కమిటీ అక్కరలేదు, బోర్డే చూసుకోవచ్చు. ఇకపై నేను చెప్పేదంతా ఈ 24 లక్షల కంపెనీని మనసులో పెట్టుకునే. వంద కోట్లు ఖర్చు పెట్టేవారికి సలహాదారులకు కొదవ లేదు.

ముందు గేటు లోపల

సీఎస్ఆర్ గురించి అడగడానికి వచ్చినవారితో నేను మొదట ఈటీపీ గురించి, అంటే ఫ్యాక్టరీ వ్యర్థజలాలను శుద్ధి చేసే ప్లాంటు గురించి మాట్లాడతాను. విసుక్కుంటారు. అయినా మాట్లాడతాను.

24 లక్షలు లాభంలో రెండు శాతం. మిగిలిన తొంభై ఎనిమిది శాతం ఎలా వచ్చిందన్నది ఊరికి మన కంటే బాగా తెలుసు. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి మంజీర దాకా వెళ్లిన చరిత్ర ఆ చుట్టుపక్కల రైతులకు కంఠతా వచ్చు. ఖాజీపల్లి, గండిగూడెం చెరువుల పేర్లు ఈనాటికీ కాలుష్యం మాటతో కలిసే వినిపిస్తాయి. ఆ వ్యవహారం 1990లోనే సుప్రీంకోర్టు గడప తొక్కింది. అలాంటి ఊళ్లో ఉచిత కంటి వైద్య శిబిరం పెడితే జనం వస్తారు, పరీక్షలు చేయించుకుంటారు, అద్దాలు తీసుకుంటారు. వాగు వాసన మాత్రం మరిచిపోరు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి కమ్ముకుని 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన కమిటీ ఎత్తిచూపినవి ట్యాంకు నిల్వలో, భద్రతలో లోపాలు. ట్యాంకు ఉష్ణోగ్రత చూసే పరికరానికి, దాన్ని చూడవలసిన మనిషికి ప్రత్యామ్నాయంగా బయట ఎంత సేవ చేసినా సరిపోదు.

కాబట్టి మొదటి పోలిక ఇది: చేతిలో ఉన్న రూపాయి గేటు లోపల పెట్టాలా, బయట పెట్టాలా? చట్టం దృష్టిలో ఈ రెండూ వేర్వేరు జేబులు. ఈటీపీ మరమ్మతు, కార్మికుల భద్రత, పర్యావరణ అనుమతిలో రాసి ఉన్న పచ్చదనపు బెల్టు, ప్లాస్టిక్ వ్యర్థాల సేకరణ బాధ్యత ఇవన్నీ ఇతర చట్టాల ప్రకారం ఎలాగూ చేయవలసినవి. వీటిని సీఎస్ఆర్ కింద చూపడానికి వీల్లేదు. ఫ్యాక్టరీ పైకప్పు మీద పెట్టుకున్న సోలార్ పలకలూ అంతే, అవి మీ వ్యాపారం ఖర్చు. అందుకే చాలామంది "లెక్కలోకి రానిదానికి ఎందుకు ఖర్చు" అనుకుని లోపలి పని వాయిదా వేస్తారు. నా సలహా దీనికి తలకిందులు. ఈ ఏడాది రెండింటికీ డబ్బు చాలదనిపిస్తే, బయటి పనిని చట్టం అడిగినంత మేరకే, వీలైనంత సాదాగా ముగించి, యాజమాన్యం శ్రద్ధంతా లోపల పెట్టండి. సోలార్ పలకలకు కరెంటు బిల్లు రూపంలో డబ్బు తిరిగి వస్తుంది. ఈటీపీకి డబ్బు తిరిగి రాదు కానీ కాలుష్య నియంత్రణ మండలి నోటీసు రాకుండా ఉంటుంది. రాత్రి షిఫ్టులో ట్యాంకర్ ఎటు వెళుతుందో మీకు కచ్చితంగా తెలియకపోతే, సీఎస్ఆర్ ప్రణాళిక రాయడానికి అది తగిన సమయం కాదు.

ఇందులో వ్యాపార లెక్క కూడా ఉంది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి వ్యాపార బాధ్యత, సుస్థిరతల మీద బీఆర్ఎస్ఆర్ అనే నివేదికను స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం తప్పనిసరిగా ఇస్తున్నాయి. ఎంత నీరు వాడారు, ఎంత కరెంటు కాల్చారు, ఎంత వ్యర్థం వచ్చింది, ఎంతమంది గాయపడ్డారు, అన్నీ అందులో చెప్పాలి. ఆ పెద్ద కంపెనీకి మీరు ముడిసరుకు అమ్ముతుంటే రేపో మాపో అదే ప్రశ్నల పట్టిక మీ టేబుల్ మీదికి వస్తుంది. అప్పుడు బడిపిల్లలకు బ్యాగులు పంచిన ఫొటో చూపిస్తే కుదరదు, మీటర్ రీడింగులు కావాలి.

డబ్బు వెళ్లే నాలుగు దారులు

మొదటిది, ప్రభుత్వ నిధికి జమ చేయడం. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి, పీఎం కేర్స్, స్వచ్ఛ భారత్ కోశ్, గంగా ప్రక్షాళన నిధి వంటివి చట్టంలోని ఏడో షెడ్యూలులో, అంటే సీఎస్ఆర్ కింద వేటికి ఖర్చు పెట్టవచ్చో చెప్పే జాబితాలో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. రసీదు వస్తుంది, ఆడిటర్ సంతోషిస్తాడు. మార్చి 30 సాయంత్రం దాకా ఏమీ చేయనివారికి ఇదే దిక్కు. దీన్ని తప్పు అనను, చేతగాని పని చేసి పాడుచేయడం కంటే మేలు. కాకపోతే మీ ఫ్యాక్టరీ పొగ పీల్చే ఊరికి ఇందులో ఒక్క రూపాయి చేరుతుందో లేదో మీకు ఎప్పటికీ తెలియదు.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. ముఖ్యమంత్రి సహాయ నిధి ఏడో షెడ్యూలులో లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, అంతకు ముందు కోవిడ్ రోజుల్లో, ఎన్నో కంపెనీలు సచివాలయానికి వెళ్లి చెక్కులు ఇచ్చాయి. ఇవ్వడం మంచిదే. కానీ ఆ మొత్తాన్ని సీఎస్ఆర్ ఖర్చుగా చూపలేరు. అదే సమయంలో వరద బాధితులకు నేరుగా ఆహారం, మందులు అందిస్తే విపత్తు సహాయం కింద లెక్కకు వస్తుంది. కోవిడ్ రోజుల్లో రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు ఇచ్చినదీ లెక్కకు వచ్చింది. చెక్కు మీద రాసే పేరులో ఇంత తేడా ఉంది.

పన్ను మినహాయింపు కోసం ఆశపడి దారి ఎంచుకోకండి. సీఎస్ఆర్ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకునే వీలు లేదు. కొన్ని విరాళాలకు వేరే నిబంధన కింద మినహాయింపు ఉన్నా, 22 శాతం పన్ను విధానంలోకి మారిన కంపెనీలకు అది కూడా వర్తించదు.

రెండో దారి, కంపెనీయే నేరుగా చేయడం. చిన్న మొత్తాలకు నాకు ఇష్టమైన దారి ఇదే, కాకపోతే పని చిన్నదై ఉండాలి, మీ మనిషి ఒకరు దాన్ని సొంత పనిగా చూసుకోవాలి. హెచ్ఆర్‌లో ఉన్న అమ్మాయికి "ఇది కూడా చూడమ్మా" అని అప్పగిస్తే అది పాతిక పనుల్లో ఇరవై ఆరోది అవుతుంది. ఇంకో సంగతి, సీఎస్ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు. పంచాయతీ వంటి ప్రభుత్వ సంస్థకో, లబ్ధిదారుల సంఘానికో, అర్హత ఉన్న ట్రస్టుకో చెందాలి. షెడ్డు కట్టే ముందే స్థలం ఎవరిది, కట్టిన తర్వాత తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది అన్నది కాగితం మీద రాసుకోవాలి.

మూడో దారి స్వచ్ఛంద సంస్థ. సంస్థ కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు చేసుకుని ఉండాలి, ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు ఉండాలి, మూడేళ్ల అనుభవం ఉండాలి. ఇవి కనీస అర్హతలు. ఇవి ఉన్నంత మాత్రాన మంచి సంస్థ అనుకుంటే, డ్రైవింగ్ లైసెన్స్ ఉన్న ప్రతివాడూ మంచి డ్రైవర్ అనుకున్నట్టే. నేను అడిగేవి వేరు. మీ పని ఎక్కడ విఫలమైందో చెప్పండి అని అడుగుతాను. ఎక్కడా విఫలం కాలేదనే సంస్థ అబద్ధమైనా చెబుతోంది, ఊళ్లోకైనా వెళ్లడం లేదు. మూడేళ్ల ఆడిట్ లెక్కల్లో జీతాల వరుస చూస్తాను. జీతాలు లేకుండా పని చేస్తున్నామని గొప్పగా చెప్పుకునే చోట ఆ పని చేస్తున్నది ఎవరో అర్థం కాదు. యజమానులు ఇక్కడ తరచూ మొండికేస్తారు, "నా డబ్బు జీతాలకా?" అంటారు. ట్యూషన్ చెప్పే పనిలో టీచరు జీతమే పని. చట్టం పెట్టిన 5 శాతం పరిమితి కంపెనీ సొంత పరిపాలనా ఖర్చులకు, ప్రాజెక్టులో నేరుగా పనిచేసేవారి జీతాలకు కాదు.

సంస్థ ఖాతాలో డబ్బు వేసినంత మాత్రాన ఖర్చు పెట్టినట్టు కాదు. ఆ సంస్థ దాన్ని వాడితేనే ఖర్చు. బోర్డు నిర్ధారించుకోవాలి, ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారి ధ్రువీకరించాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొందరు మధ్యవర్తులు ఆఫీసుకు వస్తారు. చెక్కు ఇస్తే కమిషన్ పట్టుకుని మిగతాది నగదుగా వెనక్కి తెచ్చిస్తామని మెల్లగా చెబుతారు. కాఫీ ఇచ్చి పంపించేయండి. నిజానికి కాఫీ కూడా ఎక్కువే.

నాలుగోది సొంత ట్రస్టు. తాతగారి పేరో అమ్మగారి పేరో పెట్టాలన్న కోరిక సహజమే. డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 1996లో, నాంది ఫౌండేషన్ 1998లో, అంటే ఈ చట్టం రావడానికి పదిహేనేళ్లకు పైగా ముందే హైదరాబాద్‌లో పుట్టాయి. అరకు గిరిజన రైతుల కాఫీ 2017లో ప్యారిస్‌లో సొంత దుకాణం తెరిచే దాకా వెళ్లిందంటే దాని వెనుక నాంది ఏళ్ల తరబడి చూపిన ఓపిక ఉంది. అంత ఓపిక, అంత పెద్ద చేయి ఉన్నవారికి సొంత సంస్థ తగినదే. ఏడాదికి 24 లక్షలవారికి ట్రస్టు రిజిస్ట్రేషన్, విడిగా ఆడిట్, ఒక ఉద్యోగి, ఒక గది పోగా మిగిలేది ఎంత? పైగా ట్రస్టు మూలధనంలో వేసి పెట్టుకుంటే ఖర్చయినట్టు లెక్కలోకి రాదు. ఐదేళ్లు వరుసగా కోటి దాటితే అప్పుడు ఆలోచించండి.

సొంత సంస్థ మాట వస్తే సత్యం కంప్యూటర్స్ గుర్తుకు రాక మానదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సులను మొదలుపెట్టిన ఈఎంఆర్ఐ అనే సంస్థను స్థాపించింది ఆ కంపెనీ అధినేత రామలింగరాజు కుటుంబం. 2008లో సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ పాలనలో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న లెక్కలన్నీ తారుమారు చేశానని రాజు లేఖ రాశారు. అవార్డు వెనక్కి పోయింది. సేవ నిజమే, మోసమూ నిజమే. ఒకదాన్ని చూసి రెండోదాన్ని అంచనా వేయలేమని మన రాష్ట్రం నేర్చుకున్నది అక్కడే.

కానీ నాకు ఆ కథలో ఆసక్తి కలిగించేది ఇంకొకటి. కంపెనీ కూలిన మర్నాడు కూడా 108కి ఫోను చేస్తే బండి వచ్చింది. అప్పటికే నడిపే ఖర్చులో అధిక భాగం రాష్ట్ర ప్రభుత్వం భరిస్తోంది. అదే ఏడాది జీవీకే సంస్థ నిర్వహణ చేపట్టింది. డబ్బు ఇచ్చే చేయి మారినా పని ఆగకుండా చూసే ఏర్పాటు ముందే ఉంది. 24 లక్షల కంపెనీ కూడా అడగవలసిన ప్రశ్న అదే: మనం వెళ్లిపోయాక దీన్ని ఎవరు నడుపుతారు, ఏ డబ్బుతో?

ఒకే యంత్రం, రెండు ఊళ్లు

ఈ ప్రశ్న నాకు బుర్రకెక్కింది ఒక ఆర్‌ఓ ప్లాంటు దగ్గర. ఫ్లోరైడ్ పీడ ఉన్న ప్రాంతం. నేను లెక్కలు చూసిన ఒక కంపెనీ పక్కపక్క ఊళ్లలో ఒకే సంవత్సరం, ఒకే కాంట్రాక్టరుతో, ఒకే సామర్థ్యం గల రెండు ప్లాంట్లు పెట్టించింది. రెండేళ్ల తర్వాత చూడటానికి వెళ్లాను.

మొదటి ఊళ్లో నీలం రేకుల షెడ్డు చెక్కుచెదరలేదు. కంపెనీ బోర్డు మీద అక్షరాలు మెరుస్తున్నాయి. తలుపుకు తాళం, తాళానికి తుప్పు. మెట్ల నీడలో రెండు మేకలు పడుకుని ఉన్నాయి. నేను నిలబడి ఉండగానే పక్క ఊరి ప్రైవేటు ప్లాంటువాడు ఆటోలో క్యాన్లు వేసుకుని హారన్ కొడుతూ వెళ్లాడు. యంత్రం చెడిపోయిందా అని అడిగితే, "యంత్రానికేమీ కాలేదు సార్, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలలేదు" అన్నాడు పంచాయతీలో పనిచేసే మనిషి. మూడు నెలల బిల్లు పేరుకుంది, సరఫరా కత్తిరించారు. ఆగిన ప్లాంటులో నీటిని వడకట్టే పొర, అదే మెంబ్రేన్, ఎండిపోయింది. ఆ తర్వాత నిజంగానే చెడిపోయింది.

రెండో ఊళ్లో షెడ్డు అంత అందంగా లేదు. బోర్డు మీద కంపెనీ పేరు సగం చెరిగింది. లోపల మహిళా సంఘం సభ్యురాలు ఒకామె రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చుంది. ఇరవై లీటర్ల క్యాను 5 రూపాయలు. రోజుకు సుమారు 150 క్యాన్లు, అంటే నెలకు 22,500. నడిపే మనిషికి 8,000, కరెంటుకు 4,000 చిల్లర, ఫిల్టర్లకూ మందులకూ 2,000. మిగిలింది సంఘం పేరు మీద బ్యాంకులో. "ఎందుకమ్మా ఈ డబ్బు?" అంటే, "పొర మార్చాలి గదయ్యా" అంది. మెంబ్రేన్ రెండు మూడేళ్లకు మార్చాలని ఆమెకు తెలుసు. మొదటి ఊళ్లో ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అక్కడ నీళ్లు ఉచితమని ప్రారంభోత్సవం రోజున ప్రకటించారు, చప్పట్లు కొట్టారు.

రెండో ఊళ్లోనూ లోపాలు ఉన్నాయి. శుద్ధి చేయగా మిగిలిన ఉప్పునీరు, అందులోనే చిక్కబడ్డ ఫ్లోరైడ్, వెనుక గుంటలోకి పోతున్నాయి. ఆమె చేతిలో నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరు ఉంది, దానితో చూసి నీళ్లు బాగున్నాయంటోంది. కానీ టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను పట్టుకోలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిందో లేదో ప్రయోగశాలలో చూపించాల్సిందే. మన బడ్జెట్‌లో ఆ పరీక్షకు పద్దు పెట్టలేదు. అది నా తప్పు కూడా. కాబట్టి నీళ్ల ప్లాంటు ఎంచుకునేవారు యంత్రం ధర పక్కన ఇంకో నాలుగు వరుసలు రాయండి: బిల్లు ఎవరి పేరు, మెంబ్రేన్ డబ్బు ఎక్కడ, మురుగు ఎటు, పరీక్ష ఎప్పుడు. అసలు ఆ ఊరికి నల్లా నీళ్లు సరిగా వస్తుంటే ప్లాంటు ఎందుకన్నది అంతకంటే ముందు ప్రశ్న.

ఇక బడుల్లో మరుగుదొడ్లు. 2014-15లో ప్రభుత్వరంగ సంస్థలు దేశవ్యాప్తంగా ప్రభుత్వ బడుల్లో లక్షకు పైగా కట్టామని చెప్పాయి. వాటిలో కొన్నిటిని తనిఖీ చేసిన కేంద్ర ఆడిట్ సంస్థ కాగ్ 2020లో పార్లమెంటు ముందుంచిన నివేదికలో, చూసిన మరుగుదొడ్లలో 72 శాతానికి లోపల నీటి సరఫరా లేదని, 55 శాతం చోట్ల చేతులు కడుక్కునే వసతి లేదని తేల్చింది. కట్టినట్టు చూపి కట్టనివీ ఉన్నాయి. నీరు లేని మరుగుదొడ్డి ఆడపిల్లకు ఉపకారం చేయదు, గోడకు రంగు మాత్రమే వేస్తుంది. 24 లక్షలున్న కంపెనీ కొత్తవి పది కట్టే బదులు, ఉన్నవాటిలో పది బాగు చేసి, బోరు మోటారు, పైన ట్యాంకు, శుభ్రం చేసే ఆయాకు మూడేళ్ల జీతం ఏర్పాటు చేస్తే మేలు. ఫొటోలో ఆకర్షణగా ఉండదు. ఆయా జీతాన్ని ప్రారంభించడానికి రిబ్బను ఎక్కడ కడతారు!

చెరువు పూడికతీత ఈ మధ్య కంపెనీలకు బాగా నచ్చుతోంది. నాకూ ఇష్టమే. తెలంగాణలో మిషన్ కాకతీయ కాలంలో చూసినట్టు, తీసిన మట్టిని రైతులు సొంత ట్రాక్టర్లతో పొలాలకు తోలుకుంటారు, కాబట్టి రవాణా భారం కంపెనీపై పడదు. చేలకు సత్తువ వస్తుంది. తర్వాత కరెంటు బిల్లూ లేదు, మెంబ్రేనూ లేదు. కానీ పూడిక మాత్రమే తీసి, తూము పగుళ్లు, కట్ట మీద కంప, పైనుంచి నీళ్లు తెచ్చే కాలువ ఆక్రమణలు వదిలేస్తే ఎండిన గుంటను లోతు చేసినట్టే. జేసీబీ ఎన్ని గంటలు తిరిగిందన్న బిల్లు ఇక్కడ అన్నిటికంటే జారుడు కాగితం. తవ్వకముందు, తవ్విన తర్వాత కొలతలు తీయించాలి. అనుమతి సాగునీటి శాఖ నుంచి రాతపూర్వకంగా ఉండాలి, సర్పంచ్ నోటిమాట చాలదు.

పేద పిల్లల చదువుకు సాయం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 24 లక్షల కంపెనీకి అన్నిటికంటే తేలికగా నిర్వహించగలిగేది ఇదే. ఫీజు నేరుగా కాలేజీకి కట్టవచ్చు, రసీదు వస్తుంది, పిల్ల పాసైందో లేదో తెలుస్తుంది. ఒకే షరతు: మొదటి ఏడాది చేర్చుకుంటే మూడో ఏడాది దాకా వదలకూడదు. డిప్లొమా మధ్యలో ఫీజు ఆపేయడం కంటే అసలు మొదలుపెట్టకపోవడం మేలు. లాభం తగ్గిన ఏడాది కూడా కట్టగలిగినంత మందినే తీసుకోండి.

మొక్కలు నాటడం గురించి అడిగేవారికి నేను నాటిన లెక్క వద్దు, మూడో వేసవి దాటిన లెక్క చెప్పండి అంటాను. ఆ తర్వాత సంభాషణ సాధారణంగా వేరే విషయం మీదికి మళ్లుతుంది.

ఎమ్మెల్యేగారి ఆఫీసు నుంచి ఫోను వస్తే

వస్తుంది. బస్ షెల్టరుకో, జాతరలో పందిళ్లకో అడుగుతారు. పార్టీకి ఇచ్చే విరాళం సీఎస్ఆర్ కాదని చట్టమే చెబుతోంది, కాబట్టి దాని గురించి చర్చ లేదు. మిగతావాటికి ఏప్రిల్‌లోనే బోర్డు ఆమోదించిన ప్రణాళిక ఉంటే "ఈ ఏడాది మొత్తం కేటాయింపు అయిపోయిందండీ" అని మర్యాదగా చెప్పవచ్చు. ప్రణాళిక లేని కంపెనీ దగ్గర మొహమాటమే ప్రణాళిక అవుతుంది. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమని చట్టం అంటుంది, దాన్ని కట్టుదిట్టమైన నియమంగా కాక దిశానిర్దేశంగా చూడాలని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. నా మట్టుకు నేను మోటారు సైకిల్ మీద మధ్యాహ్నం లోపు వెళ్లి రాగలిగిన దూరం దాటవద్దంటాను. చూడలేని పనిని చిన్న కంపెనీ నడపలేదు.

నా దగ్గరికి ఆ 24 లక్షలు వస్తే ఇలా పంచుతాను. పదిహేను లక్షలు గేటుకు దగ్గరలో ఉన్న ఒకే ఒక్క ప్రభుత్వ బడికి, నీళ్లు, మరుగుదొడ్లు, ఆయా జీతంతో సహా మూడేళ్ల ప్రాజెక్టుగా. ఏడు లక్షలు పాలిటెక్నిక్, నర్సింగ్ చదివే ఆడపిల్లలకు. మిగిలిన రెండు లక్షలు వేసవిలో ఏదో ఒకటి ముంచుకొస్తుందని పక్కన ఉంచుతాను. ఏదీ రాకపోతే ప్రయోగశాల పరీక్షలు, కొలతలు, మరమ్మతులకు పనికొస్తుంది. పారిశ్రామికవాడలో పక్క కంపెనీలకూ ఇదే తలనొప్పి ఉంటుంది. నాలుగైదు కంపెనీలు కలిసి ఒకే ప్రాజెక్టు చేపట్టి, ఎవరి వాటా వారు విడిగా లెక్క చూపుకునే వీలు నిబంధనల్లో ఉంది. దాన్ని ఎవరూ వాడుకోరు, పక్కవాడి పేరు బోర్డు మీద ముందు వస్తుందేమోనని.

బడి ప్రాజెక్టును మూడేళ్లదని బోర్డు తీర్మానంలో మొదటే రాయించండి. అలా కొనసాగే ప్రాజెక్టు అయితే మార్చి 31 నాటికి మిగిలిన డబ్బును 30 రోజుల్లో ప్రత్యేక బ్యాంకు ఖాతాలోకి మార్చి, తర్వాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు పెట్టవచ్చు. అలా రాయకపోతే మిగిలినదంతా ఆరు నెలల్లో ఏడో షెడ్యూలు నిధికి వెళ్లిపోవాలి. పంపకపోతే జరిమానా పంపవలసిన మొత్తానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది. బాధ్యులైన అధికారులపైనా విడిగా జరిమానా పడుతుంది. ఒక ఏడాది ఎక్కువ ఖర్చయితే భయం లేదు, ఆ అదనాన్ని తర్వాతి మూడేళ్లలో సర్దుకోవచ్చు.

బడికి మొదటిసారి వెళ్లేటప్పుడు ఫ్లెక్సీ, ఫొటోగ్రాఫరు వద్దు. మధ్యాహ్న భోజనం వేళకు వెళ్లండి. పిల్లలు కంచాలు ఎక్కడ కడుగుతున్నారో చూడండి. ఆ పంపు దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే మీ ప్రణాళికలో మొదటి పద్దు ఏమిటో హెడ్‌మాస్టర్‌ను అడగనక్కరలేదు.